పాత ఫైరింజను నీళ్లు చిమ్మాలి

శ్రోతలకు నమస్కారం.

పాత ఫైరింజన్లను సేకరించి, బాగుచేసి, మళ్లీ నడిపించే అభిమానుల సంఘం ఒకటి 1958లో అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని సిరాక్యూజ్ నగరంలో మొదలైంది. పేరు చాలా పొడవైనది కావడంతో పొడి అక్షరాలను కలిపి దానిని స్పామ్‌ఫా అని పిలుస్తారు. ఆ దేశంలో అనేక చోట్ల దానికి స్థానిక శాఖలున్నాయి. ఈ అభిరుచి ఒక్కరితో సాగేది కాదు గనుక ఆ శాఖలే సంఘానికి ప్రాణమని నా అభిప్రాయం.

పాత కారు రోడ్డు మీద నడిస్తే యజమానికి తృప్తి కలుగుతుంది. ఫైరింజను మాత్రం నడవడంతో పాటు చెరువు గట్టున నిలబడి నీళ్లు తోడి, దూరానికి చిమ్మగలగాలి. పంపు చెరువు నీటిని తనంతట తాను పైకి లాగదు. గొట్టంలోని గాలిని తీసేస్తే బయటి వాతావరణ పీడనమే నీటిని లోపలికి నెడుతుంది. లెక్క ప్రకారం ఆ ఎత్తు సుమారు 10 మీటర్ల వరకు ఉండాలి గాని, ఆచరణలో 7 మీటర్లు దాటడం కష్టం. ఎక్కడో ఒక వాషరు ఎండి సన్నని సందు ఏర్పడినా గాలి చొరబడి నీరు ఎక్కదు. అందువల్ల షెడ్డులో రంగువేసి నిలబెట్టిన ఇంజను కన్నా, అప్పుడప్పుడూ నీళ్లు తోడే ఇంజనే ఎక్కువ కాలం ఆరోగ్యంగా ఉంటుంది. సభ్యులు తమ బండ్లతో ఒకచోట చేరి, అందరి ముందూ నీళ్లు చిమ్మించే వేడుకలు జరుపుకోవడంలోని అసలు ప్రయోజనం ఇదే.

ఈ అభిమానులు ఎంతగానో మురిసిపోయే బండి సిన్సినాటిలో తయారైన అహ్రెన్స్-ఫాక్స్. దాని ముందుభాగాన పిస్టన్ పంపు, దాని మీద మెరిసే లోహగోళం కనిపిస్తాయి. ఆ గోళం అలంకారం కాదు. పిస్టన్ పంపు నీటిని దెబ్బదెబ్బకూ ఆగి ఆగి తోస్తుంది. గోళంలోని గాలి ప్రతి దెబ్బకూ నొక్కుకుని, దెబ్బకూ దెబ్బకూ మధ్య తిరిగి వ్యాకోచిస్తూ ధారను నిలకడగా ఉంచుతుంది. నిచ్చెన మీద నాజిల్ పట్టుకున్న మనిషికి కుదుపు తగ్గుతుంది. ఇంత చక్కని ఆలోచనను బొమ్మలో చూపించి అర్థం చేయించలేము. పంపు ఆడుతుండగా పక్కన నిలబడి చూడాలి.

విడిభాగాల సంగతి కష్టమైనది. న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరా పట్టణంలో వేళ్లూనిన, ఫైరింజన్ల తయారీలో ప్రసిద్ధమైన అమెరికన్ లాఫ్రాన్స్ సంస్థ సైతం 2014లో మూతపడింది. విరిగిన భాగానికి చెక్కతో నమూనా చేయించి, లోహం పోతపోయించి, తరిమెన (లేతు మిషను) పట్టించాలి. ఒకరి దగ్గర పాత మాన్యువల్, ఇంకొకరి దగ్గర లేతు మిషను, వేరొకరి దగ్గర విశ్రాంత ఫైర్‌మన్ అనుభవం ఉంటాయి కాబట్టే సంఘం కావలసి వస్తుంది.

మనకూ ఇందులో నిజమైన వాటా ఉంది. ఇంగ్లండులోని సాల్ఫర్డ్‌లో జాన్ మోరిస్ అండ్ సన్స్ తయారుచేసిన 1914 నాటి ఫైరింజను ఒకటి మన నిజాం రైల్వేకు సేవ చేసి, ఇప్పుడు ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియం సంరక్షణలో ఉంది. స్టేట్స్‌మన్ పత్రిక నిర్వహించే పాత కార్ల ర్యాలీలో అది స్వయంగా నడిచి పాల్గొంటూ వచ్చింది. హైదరాబాదు సంస్థానపు చరిత్రలో భాగమైన ఆ బండి గురించి మనలో ఎంతోమందికి తెలియకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

కాలం తీరిన ప్రభుత్వ వాహనాలను కండెమ్ చేసి వేలం వేయడం ఆనవాయితీ. ఫైరింజన్లను అలా పంపించే ముందు ప్రతి తరం నుంచీ ఒక్కటైనా పంపుతో, గొట్టాలతో, మాన్యువల్‌తో సహా మిగుల్చుకోవాలి. మన నగరాల్లో ఎక్కడైనా ఇటువంటి అభిమానుల సంఘం ఏర్పడితే, బండి కోసం వెతకడం కంటే ముందు విశ్రాంత ఫైర్ డ్రైవర్లనూ పంపు నడిపినవారినీ కలిసి, ఏ శబ్దం విని పంపుకు నీరు ఎక్కిందని గుర్తుపట్టేవారో వారి మాటల్లోనే రికార్డు చేయాలని నా విన్నపం.