నిన్న సాయంత్రం బాగానే ఉన్న కోడిపిల్ల

అక్కలకు, అన్నలకు నమస్కారం.

పెరటి కోళ్లున్న ఏ ఇంట్లో అడిగినా ఒకటే మాట వినిపిస్తుంది: "రాత్రి గంప కింద మూసినప్పుడు బాగానే ఉంది, తెల్లారేసరికి కాళ్లు చాపేసింది." ఆ వెంటనే తీర్పు కూడా వచ్చేస్తుంది. దిష్టి తగిలిందంటారు, లేదా పక్కింటివాళ్లు మందు పెట్టారంటారు. ఆ గొడవ సాగుతుండగానే చచ్చిన పిల్ల పెంటదిబ్బ మీదికి చేరుతుంది. అసలు సాక్ష్యం దానితోపాటే పోతుంది.

కోడి తన జబ్బును దాచుకుంటుంది. నీరసించిన పిల్లను మందలోని కోళ్లే పొడుస్తాయి, గద్ద కూడా దాన్నే ఏరుకుంటుంది. అందుకని కాళ్ల మీద నిలబడగలిగినంత సేపూ అది నేల మీద ఏదో ఏరుతున్నట్టే తిరుగుతుంది. మనం అకస్మాత్తు అనుకునే చావుల్లో చాలావాటి వెనక రెండు మూడు రోజుల జబ్బు ఉంటుంది.

పిల్లను ముట్టుకునే ముందు లెక్క చూసుకోండి. చచ్చింది ఒక్కటేనా? ఒకే రోజు నాలుగైదు పోయినా, పక్కిళ్ల కోళ్లో బాతులో కాకులో కూడా పడిపోతున్నా చేయి పెట్టొద్దు, కోయొద్దు. 1962కు ఫోన్ చేసి పశువైద్య సిబ్బందికి చెప్పండి. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో కోళ్లను చంపింది బర్డ్ ఫ్లూ అని భోపాల్‌లోని పశురోగాల ల్యాబ్ పరీక్షలోనే తేలింది. కంటితో చూసి దాన్ని కొక్కెర తెగులు (రాణిఖేత్ అనే వైరస్ జబ్బు) నుంచి వేరుచేసి చెప్పడం డాక్టరుకైనా సాధ్యం కాదు.

ఒక్కటే పోయిందనుకుందాం. చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని చూడండి. ముందు రొమ్ము ఎముకను వేలితో తడమండి. దానికి రెండువైపులా కండ నిండుగా ఉంటే చావు నిజంగానే త్వరగా వచ్చినట్టు. ఎముక కత్తి అంచులా చేతికి తగిలితే ఆ పిల్ల వారాల తరబడి చిక్కిపోతూ వచ్చింది. ఈకలు కప్పేయడంతో మనకు కనపడలేదు. అప్పుడు నులిపురుగులనో, పేగుల్లో చేరే పరాన్నజీవి తెచ్చే రక్తపారుడునో అనుమానించాలి, విషాన్ని కాదు.

తర్వాత మెడ కింద మేతసంచి. నిండా గింజలుంటే తిన్న కొద్ది గంటల్లోనే చచ్చిందన్నమాట. ఖాళీగా ఉంటే ముందురోజు నుంచే మేత మానేసింది. గింజలకు గులాబీ, నీలం లాంటి రంగు ఉంటే అది మందు పట్టించిన విత్తనం. నారుమడిలో గుళికల మందు చల్లిన రోజు, చెదలకు మందు కొట్టిన రోజు, ఎలుకల మందు పెట్టిన రాత్రి గుర్తుచేసుకోండి. ఎలుకల మందు అనుమానం ఉంటే మేతసంచిని కోయొద్దు, వాసన చూడొద్దు. జింకు ఫాస్ఫైడు కడుపులో తడికి విషవాయువు వదులుతుంది. ఇంకొకటి: పొట్ట ఆకుపచ్చగా మారిందని విషమనుకుంటారు. ఎండాకాలంలో చచ్చిన కొన్ని గంటలకే ఏ కోడి పొట్టయినా అలా మారుతుంది. అది కుళ్లు.

మన ఇళ్లలో విషమని ఎవరూ అనుకోని విషం ఉప్పు. ఊరగాయ జాడీ కడిగిన నీళ్లు, ఎండుచేప ముక్కలు, ఉప్పు ఎక్కువైన కూర పెరట్లో పారబోస్తాం. చిన్న కోడిపిల్లలు ఉప్పుకు త్వరగా లొంగుతాయి. ఆ రోజు మంచినీళ్ల గిన్నె ఎండిపోయి ఉంటే ఇక చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు వయసు. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

మొదటి వారంలో పిల్లను చంపేది ఎక్కువగా చలే. తల్లి లేని పిల్లకు మొదటి వారం 35 డిగ్రీల వేడి కావాలి. ఆపైన వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. పిల్లకు రెండు వాట్ల లెక్కన, ముప్ఫై పిల్లలకు ఒక అరవై వాట్ల పాతరకం బల్బు సరిపోతుంది. ఎల్‌ఈడీ బల్బు వెలుగిస్తుంది గానీ వేడినివ్వదు. ఈ ఒక్క పొరపాటుతో పోయే పిల్లలు చాలా. థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెబుతాయి. బల్బు కింద గుట్టగా చేరితే చలి, నోళ్లు తెరిచి దూరంగా పడుకుంటే వేడి, అన్నీ ఒకే పక్కకు ఒదిగితే రెండోపక్క నుంచి గాలి కొడుతోంది. కరెంటు పోయిన రాత్రి అన్నీ ఒక మూలకు ఎక్కి తొక్కుకుంటాయి. పొద్దున అడుగున రెండు మూడు పిల్లలు అణిగిపోయి దొరికితే అది ఊపిరాడని చావు, రోగం కాదు. అట్టముక్కలతో గుండ్రంగా దడి కడితే నక్కడానికి మూలే ఉండదు. వీధుల్లో అమ్మే రంగు కోడిపిల్లలు ఎక్కువగా గుడ్ల జాతి హ్యాచరీలు వద్దనుకున్న పుంజుపిల్లలు. వెచ్చదనం లేక నీళ్లు లేక ఎండలో తిరిగి వచ్చినవి రెండు రోజుల్లో పోతే ఆశ్చర్యమేముంది?

మూడు నుంచి ఎనిమిది వారాల పిల్ల, అదీ వానాకాలంలో పోతే మొదటి అనుమానం రక్తపారుడు మీదే పెట్టండి. రెట్టలో పడిన ఆ పరాన్నజీవి గుడ్లకు తడి, వెచ్చదనం తగిలితే అవి ఒకటి రెండు రోజుల్లోనే అంటించే స్థితికి వస్తాయి. పిల్ల వాటిని మింగాక నాలుగైదు రోజులకు పేగులో రక్తస్రావం మొదలవుతుంది. రెట్టలో రక్తం కనపడకముందే పిల్ల పోవచ్చు, అందుకే "ఏమీ లేకుండానే చచ్చిపోయింది" అనిపిస్తుంది. కోసి చూస్తే పేగు చివర ఉండే రెండు గుడ్డిపేగులు రక్తంతో ఉబ్బి ఉంటాయి. అలా తేలితే మిగతా పిల్లలకు ఆంప్రోలియం 20 శాతం పొడిని లీటరు నీటికి 1.2 గ్రాముల చొప్పున మూడు నుంచి ఐదు రోజులు ఇవ్వాలి. ఆ రోజుల్లో వేరే నీళ్లు అందకూడదు, బి విటమిన్ మందులూ ఆపాలి. ఈ మందు పనిచేసేదే ఆ పరాన్నజీవికి బి1 అందకుండా చేసి. ఫినాయిలు, బ్లీచింగు, సున్నం ఆ గుడ్లను చంపలేవు. తడిసిన ఊక తీసేసి, గూడును ఎండబెట్టి, రెండంగుళాల పొడి ఊక వేయడమే దారి.

అదే వయసులో తెల్లగా నీళ్ల రెట్ట వేసి, ఈకలు రేపుకుని, రెండు మూడు రోజుల్లో పోతే గంబోరో అనే వైరస్ జబ్బు కావచ్చు. కోస్తే తొడ కండలో రక్తపు చారలు, మలద్వారం దగ్గరి బర్సా సంచి ఉబ్బి కనిపిస్తాయి. దీనికి మందు లేదు. చావులు మూడో నాలుగో రోజుకు పెరిగి, వారం తిరిగేసరికి వాటంతటవే ఆగిపోతాయి. నాలుగో రోజున ఎవరు ఏ పసరు పోసినా పేరు దానికే వస్తుంది!

కొక్కెర తెగులుకు వయసు పట్టింపు లేదు. ఆకుపచ్చ రెట్ట, నోరు తెరిచి ఊపిరి తీయడం, మెడ మెలితిరగడం దాని గుర్తులు. తీవ్రంగా వస్తే ఇవేవీ కనపడకుండానే కోడి పోతుంది. సంతలో కొన్న పెట్టతో, బంధువులిచ్చిన పుంజుతో, చికెన్ కడిగి పెరట్లో పోసిన నీళ్లతో అది ఇంటికి వస్తుంది. కొత్త కోడిని మూడు వారాలు విడిగా కట్టేయాలి.

డాక్టరుకు చూపించాలంటే చచ్చిన పిల్ల ఈకలను సబ్బునీళ్లతో తడిపి, రెండు కవర్లలో కట్టి, చుట్టూ ఐసు పెట్టి అదే పూట తీసుకెళ్లండి. ఫ్రీజరులో గడ్డకట్టిస్తే లోపలి అవయవాలు పరీక్షకు పనికిరావు. చూపించే వీలు లేకపోతే బావికి దూరంగా మూడడుగుల గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చేయండి. కాలవలో వేయొద్దు, కుక్కకు వేయొద్దు. "వేడి ఆరకముందే కోశాం కదా" అని కూర వండొద్దు.

ఇక టీకాలు. ఐదు నుంచి ఏడు రోజుల వయసులో కొక్కెర తెగులుకు లసోటా టీకా ఒక చుక్క కంట్లో, పద్నాలుగో రోజు గంబోరో టీకా, ఇరవై ఎనిమిదో రోజు మళ్లీ లసోటా, ఎనిమిదో వారంలో కొక్కెర తెగులుకే ఆర్2బి టీకా అర మిల్లీలీటరు చర్మం కింద. ఆర్2బి ఘాటైన టీకా. ఆరు వారాలైనా నిండని పిల్లకు వేస్తే కాళ్లు పడిపోవచ్చు, చావొచ్చు కూడా. పెద్దకోళ్లకు వేస్తున్నారు కదా అని పిల్లను కూడా పట్టుకొస్తే జరిగేది అదే. ఈ టీకా సీసా ఎక్కువగా వంద కోళ్లకు వస్తుంది, మీ ఇంట్లో పిల్లలు ఎనిమిదే ఉంటాయి. కాబట్టి వీధిలో పది ఇళ్లవాళ్లు ఒక తేదీ అనుకుని, కోళ్లను బయటికి వదలకముందు, తెల్లవారుజామున వేయించుకోవాలి. టీకాను ఐసు డబ్బాలోనే తేవాలి. సీసా కలిపాక రెండు గంటల్లో వాడేయాలి, మిగిలింది మర్నాటికి దాచొద్దు.