మిలీనియం వంతెన ఎందుకు ఊగింది?

అందరికీ నమస్కారం. మీ బ్యాగులో స్టీలు స్కేలు ఉంటే తీయండి. ముప్పావు వంతు బయటికి ఉండేలా బల్ల అంచున నొక్కిపట్టి, కొసను వేలితో మీటండి. ఇప్పుడు కాస్త లోపలికి జరిపి మళ్లీ మీటండి. స్వరం పైకి వెళ్లింది కదా? బయట ఉన్న పొడవు తగ్గేకొద్దీ సెకనుకు ఊపులు పెరుగుతాయి. ప్రతి కట్టడానికీ ఇలాగే తనదైన ఊపు ఒకటి ఉంటుంది. దాన్నే సహజ పౌనఃపున్యం అంటాం.

2000 జూన్ 10న లండన్‌లో, థేమ్స్ నది మీద నడిచేవాళ్ల కోసం కట్టిన మిలీనియం వంతెన తెరిచారు. జనం విరగబడ్డారు. కాసేపటికే వంతెన పక్కలకు ఊగడం మొదలైంది. పడిపోకుండా కాళ్లు ఎడంగా వేస్తూ, రెయిలింగు పట్టుకుని నడిచారు. జూన్ 12న మూసేశారు.

మనం సెకనుకు సుమారు రెండు అడుగులు వేస్తాం. కిందికి పడే ఆ బరువును డిజైనర్లు లెక్కలోకి తీసుకుంటారు. కానీ ఎడమ అడుగు ఒక పక్కకు, కుడి అడుగు ఇంకో పక్కకు కొద్దిగా నెడతాయి. అంటే పక్కలకు సెకనుకు ఒక ఊపు. ఆ వంతెన పక్క ఊపులు సరిగ్గా ఆ దాపులోనే ఉన్నాయి. డ్యాంపింగ్, అంటే ఊపును అణిచేసే గుణం, చూస్తే 1 శాతం కూడా లేదు. వంతెన కాస్త కదిలితే చాలు, మనిషి తూలకుండా ఉండటానికి కాలు మరింత పక్కకు వేస్తాడు. దాంతో వంతెనను ఇంకాస్త నెడతాడు. అది ఇంకాస్త ఊగుతుంది. తర్వాత మనుషులను నడిపించి పరీక్ష చేసినప్పుడు బయటపడిన సంగతి నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది: ఒక సంఖ్య దాకా దాదాపు ఏమీ లేదు, ఇంకొద్దిమంది చేరగానే ఊపు ఒక్కసారిగా పెరిగిపోయింది.

వంతెనను బిగువుగా చేసి, దాని ఊపును మన అడుగుల ఊపుకు దూరంగా జరపొచ్చుగా అంటారు. పౌనఃపున్యం రెట్టింపు కావాలంటే, బరువు పెరగకుండా బిగువు నాలుగింతలు కావాలి. ఆ సన్నని వంతెనకు అది కుదిరే పని కాదు. అందుకే డ్యాంపర్లు పెట్టారు. ద్రవంలో పిస్టన్ కదిలే రకం 37; మీ బైకు షాక్ అబ్జార్బర్ లాగానే ఇవి ఊపులోని శక్తిని వేడిగా మార్చేస్తాయి. పైకీ కిందికీ వచ్చే ఊపు కోసం స్ప్రింగుల మీద బరువులు నిలిపిన రకం యాభైకి పైగా పెట్టారు. 2002 ఫిబ్రవరిలో వంతెన మళ్లీ తెరుచుకుంది. జరిగిన పొరపాటును దాచకుండా, తమ పరీక్షల ఫలితాలన్నీ ఆ ఇంజినీర్లు ప్రచురించారు. ఇంజినీరుకు అంతకంటే గౌరవం లేదని నా నమ్మకం.

ఇప్పుడు స్కేలు మళ్లీ మీటి, ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయండి. ఊపు వెడల్పు సగానికి పడటానికి ఎన్ని ఊపులు పట్టాయో లెక్కపెట్టండి. 0.11ని ఆ సంఖ్యతో భాగిస్తే డ్యాంపింగ్ నిష్పత్తి దాదాపుగా వస్తుంది. పది ఊపులైతే 0.011, అంటే సుమారు 1 శాతం. తర్వాత స్కేలు మీద ఫోమ్ టేపు అంటించి అదే కొలత మళ్లీ తీసుకోండి. రెండు అంకెలూ నోటుబుక్కులో రాసుకుని వస్తే, మన తర్వాతి క్లాసు అక్కడి నుంచే మొదలు.