లోకల్‌లో నడిచే యాప్ హీరోకులో ఎందుకు లేవదు?

నమస్తే అండి. ఇవాళ ఎక్స్‌ప్రెస్‌లో, అంటే నోడ్ జేఎస్ వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో రాసిన చిన్న యాప్‌ని హీరోకులో పెడదాం. హీరోకు అంటే మన యాప్‌ని ఇంటర్నెట్‌లో నడిపిపెట్టే సర్వీసు. అకౌంట్, సీఎల్ఐ (టెర్మినల్‌లో హీరోకు కమాండ్లు కొట్టే టూల్) ఇన్‌స్టాలేషన్ మీ దగ్గర రెడీగా ఉన్నాయనుకుని మొదలుపెడుతున్నాను. పాత వీడియోలు చూసి ఫ్రీ ప్లాన్ ఉందనుకోకండి, 2022 నవంబర్‌లోనే దాన్ని ఎత్తేశారు.

ముందు ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో ప్రాక్‌ఫైల్ (Procfile) పెట్టాలి, యాప్‌ని ఎలా మొదలుపెట్టాలో హీరోకుకి చెప్పే ఫైలు ఇది. మొదటి అక్షరం పెద్దది, చివర డాట్ టీఎక్స్‌టీ ఉండకూడదు. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేస్తే ఆ తోక దానంతటదే వచ్చి చేరుతుంది, ఓసారి చూసుకోండి. లోపల ఒకటే లైను: వెబ్, కోలన్, నోడ్ ఇండెక్స్ డాట్ జేఎస్.

కమిట్ చేసి, గిట్ పుష్ హీరోకు మెయిన్ కొడదాం. బిల్డ్ బాగానే అయింది. కానీ బ్రౌజర్‌లో చూడండి, అప్లికేషన్ ఎర్రర్. ఇక్కడే చాలామంది కంగారుపడి మళ్లీ మళ్లీ పుష్ చేస్తారు. అలా చేయొద్దు, ముందు లాగ్స్, అంటే యాప్ నడుస్తూ రాసే మెసేజ్‌లు చదవండి. టెర్మినల్‌లో హీరోకు లాగ్స్, స్పేస్, రెండు డ్యాష్‌లు, టెయిల్.

ఇదిగో, ఆర్10 అని ఉంది. తానిచ్చిన పోర్ట్‌ని, అంటే రిక్వెస్టులు వచ్చే నంబర్‌ని, మన యాప్ 60 సెకన్లలోపు పట్టుకోలేదని హీరోకు చెబుతోంది. కోడ్‌లో లిజెన్ పక్కన 3000 అని రాసి ఉంది కదా, తప్పు అక్కడే. హీరోకు ప్రతిసారీ తనకు నచ్చిన పోర్ట్ ఇస్తుంది. అందుకే 3000 తీసేసి ప్రాసెస్ డాట్ ఈఎన్‌వీ డాట్ పోర్ట్ రాద్దాం. పోర్ట్ మాత్రం అన్నీ క్యాపిటల్స్‌లో ఉండాలి. పక్కనే రెండు నిలువు గీతలు పెట్టి 3000 ఉంచితే ల్యాప్‌టాప్‌లోనూ నడుస్తుంది. మళ్లీ పుష్ చేద్దాం. వచ్చేసింది!

డేటాబేస్ పాస్‌వర్డ్ లాంటివి కోడ్‌లో పెట్టకండి, గిట్‌లోకి అసలే వద్దు. డాష్‌బోర్డ్ సెట్టింగ్స్‌లో కాన్ఫిగ్ వార్స్ అని ఉంది, అక్కడ ఇవ్వండి. సేవ్ చేయగానే యాప్ దానంతటదే రీస్టార్ట్ అవుతుంది.

ఈ తర్వాతి విషయం మాత్రం దయచేసి జాగ్రత్తగా వినండి. మీ యాప్ నడిచే డైనో (హీరోకు ఇచ్చే చిన్న కంటైనర్) రోజుకు ఒక్కసారైనా రీస్టార్ట్ అవుతుంది. అప్పుడు యాప్ డిస్క్ మీద రాసుకున్న ఫైళ్లన్నీ పోతాయి. యూజర్లు పెట్టిన ఫోటోలు అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో దాచారనుకోండి, ఇవాళ టెస్ట్ చేస్తే కనిపిస్తాయి, రేపు ఉండవు. ఎర్రర్ కూడా రాదు. నమ్మి ఇచ్చినవాళ్ల ఫోటోలవి, వాటిని తిరిగి తేలేం. కాబట్టి మొదటి రోజు నుంచే ఫైళ్లు అమెజాన్ ఎస్3 లాంటి స్టోరేజ్‌లో, డేటా పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో పెట్టండి.

కొత్త వెర్షన్ చెడిందా? టెన్షన్ వద్దు. హీరోకు రిలీజెస్ కొడితే పాతవన్నీ నంబర్లతో వస్తాయి. హీరోకు రోల్‌బ్యాక్ అని, పక్కన బాగా నడిచిన వెర్షన్ నంబర్ ఇవ్వండి. కోడ్, కాన్ఫిగ్ వార్స్ రెండూ వెనక్కి వెళ్తాయి. డేటాబేస్ వెళ్లదు. అందుకే టేబుల్స్ మార్చే రిలీజ్ ఏదైనా, పుష్ కొట్టే ముందే బ్యాకప్ తీసుకోండి.