మేస్త్రి గారు మన చేతే విప్పించారు

సభకు నమస్కారం. మనకు బండి పని నేర్పిన మేస్త్రి గారి కుటుంబ సభ్యులకు, సాలూరు, బొబ్బిలి, శ్రీకాకుళం నుంచి పాత బండ్లు వేసుకుని విజయనగరం వచ్చిన మిత్రులకు నమస్కారం.

సంస్మరణ సభల్లో పోయినవారందరూ సౌమ్యులైపోతారు. మేస్త్రి గారు సౌమ్యులు కారు. బురద కడగకుండా బండి తెచ్చినవారిని గుమ్మం నుంచే వెనక్కి పంపేవారు. పానా ఎవరికీ అరువిచ్చేవారు కాదు. "తువ్వాలు, పానా ఎవరివి వారికే ఉండాలి" అనేవారు. అయినా ఇంతమందిమి ఆయన చుట్టూ చేరామంటే, తెలిసిన పనిని ఆయన ఏనాడూ దాచుకోకపోవడమే కారణం.

ఆయన మెటాడోర్ మీకందరికీ తెలుసు. బజాజ్ టెంపో వారి వ్యాను, మెర్సిడెస్ ఓఎం 616 డీజిల్ ఇంజిను. పెళ్లివారిని మోసి మోసి తుక్కుకు పోబోతున్నదాన్ని కొని, సాలూరులో లారీ బాడీలు కట్టేవారికి అప్పగించారు. వాళ్లు లోపల రెండు పడక బల్లలు, వాటి కింద సామాను పెట్టెలు, వెనుక తలుపు దగ్గర గ్యాస్ పొయ్యికి రేకు గూడు అమర్చారు. కారవాన్ అంటే సినిమా తారలదే అనుకునే రోజులవి.

అమెరికాలో ఉండి వచ్చిన మన పాత బండ్ల బృందం సభ్యుడొకరు ఒకసారి జీఎంసీ మోటార్‌హోమ్ అనే ఇంటిబండి ఫొటోలు చూపించారు. జనరల్ మోటార్స్ 1973 నుంచి 1978 వరకు మాత్రమే తయారుచేసిన బండి అది. మొత్తం 13 వేలకు కాస్త తక్కువ. మేమంతా సోఫాలూ వంటగదీ చూసి నోరెళ్లబెడుతుంటే, మేస్త్రి గారు "కింద నుంచి తీసిన ఫొటో ఉందా?" అన్నారు. ఇంజినూ గేర్‌బాక్సూ ఓల్డ్స్‌మొబైల్ టొరొనాడో కారు నుంచి వచ్చినవనీ, ముందు చక్రాలే లాగుతాయనీ, వెనక్కి షాఫ్టు లేదు కనుకే నేల అంత కిందికి దిగిందనీ విని తెగ సంబరపడ్డారు. "తొలి మెటాడోర్లూ ముందు చక్రాల మీదే లాగేవి కదయ్యా!" అని, తన చుట్టాలెవరో అమెరికాలో కనబడినట్టు మాట్లాడారు.

సాలూరు దాటాక వచ్చే సుంకి ఘాట్ రోడ్డులో నా బండి ఆగిపోయిన రోజు చెప్పాలి. డీజిల్ పైపు బిగింపు వదులై లైనులోకి గాలి చేరింది. ఆ గాలి పోతేనే ఇంజిను నడుస్తుంది. ఆయన దిగి, రోడ్డు పక్క రాతి మీద కూర్చున్నారు. బ్యాంకులో కాగితాలు తిప్పే చేతులు నావి. "ముందు పైపు బిగించు. ఫిల్టరు మీది స్క్రూ వదులు చెయ్యి. చేతి పంపు కొట్టు." మొదట నురగ వచ్చింది. తరువాత బుడగలు. నేను స్క్రూ బిగించబోతే "ఆగు, ఇంకా ఊపిరి ఉంది" అన్నారు. బుడగ లేకుండా డీజిల్ ధార కట్టాకే బిగించనిచ్చారు. ఆయన చేస్తే రెండు నిమిషాల పని. మాకు అరగంట పట్టింది, వెనుక లారీల హారన్లు సరేసరి.

ఒక్క విషయంలో మాకు పేచీ ఉండేది. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం మారని బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు. నంబరులో వీఏ అక్షరాలుంటాయి. కానీ దాన్ని రోజువారీ పనులకు నడపకూడదు. ప్రదర్శనలకో, ర్యాలీకో, మరమ్మతుకో తీయాలి. "నడపకూడని బండికి నంబరెందుకు?" అని ఆయన కోపం. కొన్ని బండ్లైనా పుట్టినప్పటి రూపంలో మిగలాలని నా వాదన. ఇప్పటికీ అదే అంటాను. వినడానికి ఆయన లేరు.

లోపలంతా మార్చిన బండి కనుక ఈ మెటాడోర్‌కు ఆ నంబరు ఎలాగూ రాదు. మామూలు రెన్యువలే చేయించాలి. ఆ కాగితాల పని నేను చూస్తాను. అమ్మే ఉద్దేశం లేదనీ, తానే నడుపుతాననీ మేస్త్రి గారి కోడలు నిన్న చెప్పారు. మైదానంలో చేయి కుదిరిందట, ఘాట్ మాత్రం ఇంకా ఎక్కించలేదట. వచ్చే ఆదివారం సాలూరు మీదుగా సుంకి వెళ్తున్నారు. పక్క సీట్లో కూర్చుని, అవసరమైతే తప్ప నోరు విప్పకుండా ఉండగలిగినవారు ఒకరు కావాలి. సభ అయ్యాక ఆమెకు పేరు చెప్పండి.