ఆస్ట్రేలియా యూనివర్సిటీలో ఆదివాసీ విద్యార్థి మొదటి సెమిస్టర్: ట్యూటర్లు ఏం చేయాలి?

[తెర మీద: సెమిస్టర్ క్యాలెండర్. నాలుగో వారం దగ్గర ఎర్ర గీత]

నమస్తే. ఆస్ట్రేలియాలో చదువుకుంటూ ఫస్ట్ ఇయర్ ట్యుటోరియల్స్ చెప్పే తెలుగువాళ్ళ కోసం ఈ వీడియో. మీ క్లాసులో అబొరిజినల్, టోరెస్ స్ట్రెయిట్ ఐలాండర్ (అంటే అక్కడి ఆదివాసీ) విద్యార్థులుంటే ముందు సెన్సస్ డేట్ ఎప్పుడో చూసుకోండి. అంటే జనాభా లెక్క కాదు, సబ్జెక్టు ఫీజు ఖరారయ్యే తేదీ.

సబ్జెక్టు కాలంలో కనీసం 20 శాతం గడిచాకే ఈ తేదీ రావాలి. మామూలు సెమిస్టర్‌లో ఇంచుమించు నాలుగో వారం. ఆలోగా సబ్జెక్టు వదిలేస్తే ఫీజు అప్పు పడదు. దాటితే హెక్స్-హెల్ప్ (ఫీజు కోసం ప్రభుత్వం ఇచ్చే అప్పు) ఖాతాలో చేరిపోతుంది. మొదటి అసైన్‌మెంట్ మార్కులేమో చాలాసార్లు ఆ తేదీ దాటాకే వస్తాయి! అందుకే రెండో వారంలో ఒక పేజీ రాయించి, మూడో వారంలో దిద్ది ఇచ్చేయండి.

[తెర మీద: మెయిల్]

క్లాసుకి రాకపోతే "ఎందుకు రాలేదు?" అని రాయకండి, సంజాయిషీ అడిగినట్టుంటుంది. "మంగళవారం రెండింటికా, గురువారం పదకొండింటికా? పావుగంట కూర్చుందాం" అని రాస్తే చాలు. చదువులో వెనకబడితే యూనివర్సిటీలో ఆదివాసీ విద్యార్థులకి తోడ్పడే ఇండిజినస్ సెంటర్ ఉచితంగా ట్యూటర్‌ని ఏర్పాటు చేయగలదు. 2017లో మొదలైన ప్రభుత్వ పథకం ఇండిజినస్ స్టూడెంట్ సక్సెస్ ప్రోగ్రామ్ నిధులు ఇలాంటి వాటికే.

"రెండు సబ్జెక్టులు తగ్గించుకో" అనడం తేలికే. కానీ ఆ విద్యార్థి యాబ్‌స్టడీ (ఆదివాసీ విద్యార్థులకి ప్రభుత్వం ఇచ్చే భత్యం) మీద బతుకుతుంటే? నాలుగింట్లో మూడు చదివితే 75 శాతం, ఫుల్‌టైమ్ కిందే లెక్క. రెండుకి దిగితే భత్యం ఆగిపోవచ్చు. మార్పు సంగతి 14 రోజుల్లో ఆ భత్యం ఇచ్చే ప్రభుత్వ సంస్థ సర్వీసెస్ ఆస్ట్రేలియాకి చెప్పకపోతే అందిన డబ్బు తిరిగి కట్టాల్సి రావచ్చు. కాబట్టి ముందు సెంటర్‌తో మాట్లాడించి, ఆ తర్వాతే ఫారం నింపించండి.

ఇక సారీ బిజినెస్. అంటే చావుకి సంబంధించిన కర్మకాండ, సంతాపం. ఊరు వందల కిలోమీటర్ల దూరంలో ఉండొచ్చు, కార్యక్రమాలు రోజుల తరబడి సాగొచ్చు. అసైన్‌మెంట్ గడువు పొడిగింపు ఫారంలో "దగ్గరి కుటుంబం" అని ఉన్నచోటే తంటా. చాలా అబొరిజినల్ సమాజాల్లో తల్లి అక్కచెల్లెళ్ళూ తల్లులే. మనకు పెద్దమ్మ, పిన్ని పరాయివాళ్ళా? మరణ ధృవపత్రం కోసం పట్టుబట్టే బదులు సెంటర్ ఇచ్చే ఉత్తరం సరిపోతుందేమో కోర్సు కోఆర్డినేటర్‌ని అడగండి. కొత్త గడువు తేదీ మీరే రాసి పంపండి.

క్లాసులో అబొరిజినల్ చరిత్ర ప్రస్తావన వస్తే ఆ ఒక్కరివైపే తిరిగి "మీవాళ్ళేమంటారు?" అనకండి. చనిపోయిన ఆదివాసీల ఫొటోలు చూపించేముందు తప్పకుండా హెచ్చరించండి.

సెన్సస్ డేట్ దాటాక మానేయాల్సి వస్తే? ప్రత్యేక పరిస్థితుల కింద అప్పు రద్దు కోరవచ్చు. కారణం తన చేతిలో లేనిదై ఉండాలి, దాని ప్రభావం ఆ తేదీన లేదా ఆ తర్వాతే పూర్తిగా పడి ఉండాలి, దానివల్ల చదువు ముగించడం కుదరని పని కావాలి. మానేసిన 12 నెలల్లోగా దరఖాస్తు పెట్టాలి. ఎప్పుడేం జరిగిందో చూపడానికి పనికొస్తాయి, మీ మధ్య నడిచిన మెయిళ్ళు చెరిపేయకండి.