సిగ్నల్ దగ్గర ఆగితే హీటర్ చల్లబడుతోందా? ముందు కూలెంట్ చూడండి

అందరికీ నమస్కారం! చలి దేశానికి కొత్తగా వచ్చి, సెకండ్ హ్యాండ్ కారు కొనుక్కున్న వాళ్లు ఈ వీడియో తప్పకుండా చివరిదాకా చూడండి.

మా పాత కారు ఈ మధ్య ఒక తంతు మొదలుపెట్టింది. బండి నడుస్తున్నంతసేపూ హీటర్ వెచ్చగానే ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఆగగానే చల్లగాలి. మళ్లీ యాక్సిలరేటర్ తొక్కితే వెచ్చదనం. హీటరే పాడైందని డాష్‌బోర్డు విప్పించడానికి తొందరపడకండి. కారు హీటర్‌కి సొంతంగా వేడి పుట్టించే శక్తి లేదు. ఇంజిన్ వేడిని మోసుకొచ్చే కూలెంట్ అనే ద్రవం డాష్‌బోర్డు వెనకున్న చిన్న రేడియేటర్‌లో, అంటే హీటర్ కోర్‌లో పారుతుంది. దాని మీదుగా ఫ్యాన్ గాలి కొడుతుంది, అంతే. చాలా కార్లలో ఈ కోర్ కాస్త ఎత్తులో ఉంటుంది. కూలెంట్ తగ్గితే గాలి ముందు అక్కడే చేరుతుంది. బండి ఆగినప్పుడు కూలెంట్‌ను తోసే వాటర్ పంపు నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి కూలెంట్ అంత ఎత్తుకు సరిగ్గా ఎక్కదు.

టెంపరేచర్ ముల్లు మామూలుగానే ఉందని ధీమాగా ఉండొద్దు. సెన్సర్ కూలెంట్‌లో మునిగి ఉంటేనే సరైన లెక్క చెబుతుంది. కూలెంట్ దానికంటే కిందికి దిగిపోతే లోపల ఇంజిన్ మాడుతున్నా ముల్లు కదలకపోవచ్చు. నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఇదే. అందుకే హీటర్ చల్లబడటాన్ని చిన్న అసౌకర్యంగా తీసిపారేయొద్దని ఇంతగా చెబుతున్నాను.

ఇప్పుడు బానెట్ ఎత్తుదాం. రాత్రంతా ఆగి ఉన్న బండి ఇది, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉంది. వేడి మీద మాత్రం రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. ప్రెషర్ ఉండటం వల్ల లోపల కూలెంట్ 100 డిగ్రీలు దాటినా మరగదు. మూత తిప్పిన మరుక్షణం ఎగజిమ్మి ముఖం, చేతులు కాల్చేస్తుంది.

చూశారా, పక్కనున్న ట్యాంకులో కూలెంట్ గీత దాకా ఉంది. రేడియేటర్ మూత తీస్తే మాత్రం లోపల కనబడటమే లేదు! ఇంజిన్ చల్లారేటప్పుడు ట్యాంకులోంచి కూలెంట్ తిరిగి రేడియేటర్‌లోకి రావాలి. ఎక్కడైనా లీకు ఉంటే దాని బదులు అక్కడి నుంచి గాలి లోపలికి వెళ్లిపోతుంది. మూత రబ్బరు పాడైనా ఇదే జరుగుతుంది. ట్యాంకు ఒక్కటే చూసి సరే అనుకోకూడదు.

మరి కూలెంట్ ఎటు పోయింది? హీటర్ కోర్ కారితే కారులో తియ్యటి వాసన వస్తుంది, అద్దం జిడ్డుగా మసకబారుతుంది, ముందు సీటు కింద కార్పెట్ తడుస్తుంది. ఇంజిన్ పైభాగంలో సీల్‌లా ఉండే హెడ్ గాస్కెట్ పోతే ఇంజిన్ వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ ఆగదు, రేడియేటర్‌లో బుడగలు వస్తూనే ఉంటాయి. మా కారులో ఇవేవీ లేవు.

కాబట్టి ప్రెషర్ టెస్టర్ తెచ్చాను. ముందు రేడియేటర్ నింపి, మూత స్థానంలో దీన్ని బిగించి చేతి పంపుతో గాలి కొట్టాలి. మూత మీద 1.1 అని ఉంది, అంటే 1.1 బార్, సుమారు 16 పీఎస్ఐ. అంతకు మించి కొట్టొద్దు, గొట్టాలు పగులుతాయి. టెస్టర్ ముల్లు మెల్లగా దిగుతోంది, లీకు ఉన్నట్టే. టార్చి, చిన్న అద్దం పెట్టి వాటర్ పంపు కింద చూడండి. పుల్లీ వెనక చిన్న రంధ్రం, దాని చుట్టూ గులాబీ రంగు పొర ఎండి గట్టిపడింది. అదిగో, అంచున ఒక చుక్క ఊరింది. పంపు లోపలి సీల్ అరిగిందని తెలియడానికే ఆ రంధ్రం పెడతారు. వేడి ఇంజిన్ మీద ఈ చుక్కలు ఆవిరైపోతాయి కాబట్టి నేల మీద మరకే పడలేదు.

లీకు ఆపే మందు డబ్బాలు అమ్ముతారు, నేను మాత్రం వాడను. అది వెళ్లి హీటర్ కోర్‌లోని సన్నని దారులను పూడ్చేయొచ్చు. పంపు మార్చడమే సరైన పని, మార్పించాను.

కొత్త కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలిపాను. ఇథిలీన్ గ్లైకాల్ కూలెంట్ అలా కలిపితే సుమారు మైనస్ 37 డిగ్రీల వరకు గడ్డకట్టదు. నీళ్లు కలపకుండా పోస్తే ఇంకా మంచిదనుకునేరు, ఒట్టి గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది! రంగు చూసి కొనకండి, ఒక్కో కంపెనీది ఒక్కో రంగు. మాన్యువల్‌లో ఉన్న రకమే పోయండి.

తర్వాత గాలి తీయాలి. బండి ముక్కు ఎత్తులో ఉండేలా నిలిపి, చల్లటి ఇంజిన్ మీదే మూత తీసి, హీటర్ ఫుల్ వేడి మీద పెట్టి స్టార్ట్ చేశాను. బుడగలు వచ్చే కొద్దీ కూలెంట్ పోస్తూ, ఆగాక మూత బిగించాను. ఇప్పుడు హీటర్ గొట్టాలు రెండూ వేడిగా ఉన్నాయి. ఒకటి వేడిగా, ఒకటి చల్లగా ఉంటే కోర్ పూడుకుపోయినట్టో, గాలి మిగిలినట్టో. రెండూ వేడిగా ఉన్నా గాలి చల్లగానే వస్తుంటే లోపల గాలి మళ్లించే ఫ్లాప్ చూడాలి.

కింద ఒలికింది వెంటనే తుడిచేయండి. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, పిల్లులు కూడా నాకొచ్చు, కొంచెమే అయినా ప్రాణం తీస్తుంది. పాత కూలెంట్ డ్రైనేజీలో పోయకుండా డబ్బాలో పట్టి రీసైక్లింగ్ సెంటర్‌లో ఇవ్వండి. వారం పాటు రోజూ పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, రేడియేటర్ మూత తీసి లెవెల్ చూస్తూ ఉండండి.