పప్పుతేట చాలదు: కడుపుతో ఉన్నప్పటి నుంచి రెండేళ్ళ దాకా మన వంటింటి తిండి

[దృశ్యం: తిరుపతిలో ఒక ఇంటి వంటగది. గట్టు మీద రెండు గిన్నెలు, రెండింట్లోనూ రాగి జావ. వెనక అత్తగారు సంగటి కెలుకుతున్నారు.]

కోడలు: నమస్కారం. ఈ రెండు గిన్నెల్లో ఉన్నదీ రాగి జావే. చెంచా వంచుతాను, చూడండి. మొదటిది నీళ్ళలా కారిపోయింది. రెండోది చెంచాకు పట్టుకుని నిదానంగా జారుతోంది. ఏడో నెల బిడ్డకు చాలా ఇళ్ళల్లో పెట్టేది మొదటిది. పెట్టాల్సింది రెండోది.

మన చిత్తూరు, తిరుపతి పక్క తిండికి కొదవేం లేదు. సంగటి ఉంది, చెనక్కాయలున్నాయి, చలికాలంలో అనపకాయలు వస్తే పితికిపప్పు ఉంది, మునగాకు ఉంది, పాడి ఉంది. అయినా తల్లి దగ్గరికి వచ్చేసరికి పత్యం పేరుతో తగ్గిపోతుంది, బిడ్డ దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు కలిసి పలచబడిపోతుంది. ఈ వీడియో దాని గురించే.

[తెర మీద: కడుపుతో ఉన్నప్పుడు]

మొదటి మూడు నెలలు ఎక్కువ తినమని ఎవరూ వెంటపడక్కర్లేదు. వేవిళ్ళలో ఏది నిలిస్తే అది, కొంచెం కొంచెంగా తింటే చాలు. ఫోలిక్ యాసిడ్ మాత్ర మాత్రం మానకూడదు. బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే నాళం గర్భం మొదలైన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతి కూడా ఖాయంగా తెలియదు. అందుకే పిల్లలు కావాలనుకున్న రోజు నుంచే ఆ మాత్ర మొదలుపెట్టమంటారు.

నాలుగో నెల నుంచి తిండి పెంచాలి. ఇద్దరి తిండి తినమని కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే లెక్క రోజుకు అదనంగా 350 క్యాలరీలు. మన భాషలో చెప్పాలంటే 50 గ్రాముల పిండి, బియ్యంతో చేసిన చిన్న సంగటి ముద్ద, ఒక కోడిగుడ్డు, చిన్న గుప్పెడు చెనక్కాయలు. అంతే.

అత్త: మా కాలంలో ఎనిమిదో నెల వస్తే అన్నం తగ్గించేవాళ్ళమే. బిడ్డ లావైతే కాన్పు కష్టమని.

కోడలు: తల్లి తిండి తగ్గిస్తే కాన్పు సులువు కాదు అత్తా, బిడ్డ బరువు తక్కువతో పుట్టే ప్రమాదం పెరుగుతుంది. చివరి మూడు నెలల్లోనే బిడ్డ బరువు ఎక్కువగా పెరిగేది. ఒకేసారి పొట్ట పట్టకపోతే ఐదారు సార్లు తింటే సరి.

ఇప్పుడు బెల్లం. చిత్తూరు బెల్లానికి పేరుంది, నాకూ ఇష్టమే. కానీ బెల్లం తింటే రక్తం పడుతుందన్న మాట నమ్ముకుని మాత్రలు పక్కన పెట్టకండి. 100 గ్రాముల బెల్లంలో ఇనుము 5 మిల్లీగ్రాములు కూడా లేదు. కడుపుతో ఉన్న మనిషికి రోజుకు 27 మిల్లీగ్రాములు కావాలి. నువ్వుండ రుచికి తినండి, రక్తానికి ఐరన్ మాత్ర వేసుకోండి. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. నాలుగో నెల నుంచి 180 రోజులు, కాన్పయ్యాక ఇంకో 180 రోజులు, రోజుకొకటి. హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే రక్తహీనత కిందే లెక్క, అప్పుడు మోతాదు డాక్టరు చెబుతారు. మలం నల్లగా వస్తే భయపడొద్దు, అది మాత్ర వల్లే.

[దృశ్యం: మునగాకు పప్పులో నిమ్మకాయ పిండుతున్న చేయి.]

ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి పట్టాలంటే తోడు పులుపు ఉండాలి. పుల్లగూర, చింతచిగురు పప్పు మన వాళ్ళు ఊరికే చెయ్యలేదు. ఇంకా మేలైనవి నిమ్మరసం, ఉసిరికాయ, జామపండు. వాటిలో విటమిన్ సి ఎక్కువ. తిన్న వెంటనే టీ తాగితే ఆ మేలంతా పోతుంది, భోజనానికి ముందో గంట, తర్వాతో గంట ఎడం ఉంచండి. కాల్షియం మాత్ర, ఐరన్ మాత్ర ఒకేసారి వేసుకోవద్దు.

బాగా పండిన బొప్పాయి తినొచ్చు, పాలు కారే పచ్చికాయ వద్దు. కుంకుమపువ్వు పాలతో బిడ్డ తెల్లగా పుట్టదు. ఆ డబ్బుతో నెలంతా గుడ్లు వస్తాయి.

[తెర మీద: బాలింత]

పుట్టిన గంటలోపే బిడ్డను రొమ్ముకు పట్టించాలి. మొదట వచ్చే పసుపుపచ్చ ముర్రుపాలు పారబోయకూడదు. చక్కెర నీళ్ళు, తేనె, వసకొమ్ము, వీధిలోకి వచ్చే గాడిదపాలు ఏవీ వద్దు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే, మన ఎండాకాలంలో కూడా మంచినీళ్ళు అక్కర్లేదు. డాక్టరు రాసిన చుక్కల మందులు వేరే సంగతి.

ఆ తల్లికేమో మనం పెట్టేది తెల్లగడ్డ కారం, గట్టి అన్నం. పప్పు వద్దు, పండు వద్దు, నీళ్ళు తక్కువ తాగు. నిజానికి మొదటి ఆరు నెలలు ఆమెకు కడుపుతో ఉన్నప్పటి కంటే ఎక్కువ తిండి కావాలి, రోజుకు అదనంగా 600 క్యాలరీలు. తెల్లగడ్డ కారం పెట్టండి, తప్పు లేదు. దాని పక్కన పప్పు, ఆకుకూర, గుడ్డు, పెరుగు కూడా పెట్టండి. దాహమైనప్పుడల్లా నీళ్ళు తాగనివ్వండి.

[తెర మీద: ఆరు నెలలు నిండాక]

అసలు విషయానికొచ్చాం. బిడ్డ కడుపులో ఒకసారికి పట్టేది కిలో బరువుకు సుమారు 30 మిల్లీలీటర్లు. ఏడు కిలోల బిడ్డకు 210, అంటే ఒక గ్లాసుడు. ఆ కొంచెం చోటులో పప్పుతేట, పలచటి జావ పోస్తే కడుపు నిండుతుంది, ఏడుపు ఆగుతుంది, బరువు మాత్రం పెరగదు. ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య తల్లిపాలు కాక పై తిండి నుంచి 200 క్యాలరీలు రావాలి. తొమ్మిదో నెలకు అది 300, ఏడాది దాటితే 550. తేటతో ఇది కుదరదు. కట్టు కింద మిగిలిన పప్పే బిడ్డకు కావాల్సింది.

అత్త: చిక్కగా పెడితే గొంతుకు అడ్డం పడుతుందని భయం కదమ్మా.

కోడలు: భయం న్యాయమే అత్తా. దానికి మన దగ్గరే మందుంది. మొలకట్టిన రాగులు.

[దృశ్యం: తడిగుడ్డలో మొలకెత్తిన రాగులు, దగ్గరగా.]

రాగులు కడిగి రాత్రంతా నానబెట్టి, నీళ్ళు వంపేసి, తడిగుడ్డలో మూట కట్టండి. ఒకటి రెండు రోజుల్లో తెల్లటి మొలక వస్తుంది. ఎండబెట్టి, మొలకలు నలిపి చెరిగేసి, సన్నటి సెగ మీద కొంచెం వేడిచేసి మర పట్టించండి. ఎర్రగా వేయించొద్దు. ఎందుకంటే మొలకెత్తేటప్పుడు గింజలో అమైలేజ్ అనే ఎంజైమ్ తయారవుతుంది, అది పిండి పదార్థాన్ని చిన్న చిన్న ముక్కలుగా విడగొడుతుంది. ఎక్కువ వేడి తగిలితే చచ్చిపోతుంది.

ఇప్పుడు చూడండి. మామూలు రాగి పిండితో జావ చిక్కగా కాచి దించాను. కాస్త వేడి తగ్గాక ఒక చెంచా మొలకల పిండి కలుపుతున్నాను.

[దృశ్యం: చెంచాతో కలుపుతూ ఉండగా జావ వదులవుతుంది.]

నీళ్ళు చుక్క పొయ్యలేదు, అయినా జారుగా అయింది. పిండి మాత్రం అంతే ఉంది. మళ్ళీ స్టవ్ మీద పెట్టి ఒక పొంగు రానివ్వాలి, పచ్చి పిండి అలాగే పెట్టకూడదు. మొలకట్టడం వల్ల ఇంకో లాభం, గింజలో ఇనుమును పట్టి ఉంచే ఫైటేట్లు తగ్గుతాయి. కాల్షియం సంగతి సరే సరి. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది, బియ్యంలో 10 దగ్గర.

దించేముందు ఒక టీ స్పూను నెయ్యి గానీ చెనక్కాయల నూనె గానీ వెయ్యండి. అదే దాదాపు 45 క్యాలరీలు. బిడ్డకు కావాల్సిన 200లో నాలుగో వంతు దగ్గరికి వచ్చేసింది.

రోజూ జావే కాదు. మెత్తగా మెదిపిన పప్పన్నం, ఉడికించిన గెనుసుగడ్డ, గుమ్మడికాయ, అరటిపండు. బాగా ఉడికిన గుడ్డు ఏడాది దాకా ఆపక్కర్లేదు, ఆరు నెలలు నిండాక కొద్దికొద్దిగా మొదలుపెట్టొచ్చు. చెనక్కాయలు మెత్తగా నూరి జావలో కలపాలి, గింజలుగా ఇస్తే ఊపిరి గొట్టంలోకి పోతాయి. కొత్త పదార్థం ఒక్కొక్కటిగా, రెండు మూడు రోజుల ఎడంతో పెట్టండి. ఏడాదిలోపు తేనె అసలు వద్దు, అందులో ఉండే ఒక క్రిమి వల్ల బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. ఉప్పు ఏడాది దాకా, చక్కెర, బెల్లం రెండేళ్ళ దాకా అక్కర్లేదు. మనకు చప్పగా ఉన్నది బిడ్డకు చప్పన కాదు.

వేరుగా వండే తీరిక ఎవరికుంటుంది? పప్పు ఉడికాక కారం, ఉప్పు వేసేముందు రెండు గరిటెలు పక్కకు తీయండి. మన కారం సంగతి తెలిసిందేగా.

తల్లిపాలలో ఇనుము తక్కువ, పుట్టినప్పుడు ఉన్న నిల్వ ఆరో నెలకు తరిగిపోతుంది. అందుకని ఐరన్ సిరప్ ఒక మిల్లీలీటరు వారానికి రెండుసార్లు ఇస్తారు, ఆశా కార్యకర్తను అడగండి. తొమ్మిదో నెల టీకాతో పాటు విటమిన్ ఎ చుక్కలు కూడా.

[తెర మీద: ఏడాది దాటాక]

ఇక్కడ మన జిల్లా సమస్య పాలు. "వాడు అన్నం ముట్టడు, పాలైతే లీటరు తాగుతాడు" అని గొప్పగా చెబుతారు. లీటరు పాలు తాగినవాడికి ఆకలెక్కడిది? పాలలో ఇనుము దాదాపు లేదు, ఎక్కువైతే ఉన్న ఇనుమును కూడా పట్టనివ్వవు. అర లీటరు దాటనివ్వకండి. అదీ గ్లాసుతో, సీసాతో కాదు. అన్నం ముందు, పాలు తర్వాత. తాతగారి టీలో ముంచిన బిస్కెట్ గురించి ఇంట్లో గొడవ పడాల్సి వస్తే పడండి.

విరేచనాలైనప్పుడు తిండి ఆపొద్దు. ఓఆర్ఎస్ పడుతూనే, తల్లిపాలు, మెత్తటి అన్నం, పెరుగు పెట్టండి. జింక్ మాత్ర 14 రోజులు, రెండో రోజే తగ్గినా సరే పూర్తి చెయ్యాలి. మూత్రం తగ్గినా, బిడ్డ మగతగా ఉన్నా, మలంలో రక్తం కనిపించినా ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

అత్త: పుట్టువెంట్రుకలకు కొండకు పోతాం కదా, అక్కడేం పెట్టాలో చెప్పు. అందరూ అదే అడుగుతారు.

కోడలు: క్యూలో ఎన్ని గంటలో తెలియదు కాబట్టి చెడనివి తీసుకెళ్ళండి. తొక్కతో అరటిపండ్లు, తొక్క తియ్యకుండా ఉడికించిన గెనుసుగడ్డ, ఒక డబ్బాలో మొలకల రాగి పిండి, ఫ్లాస్కులో వేడినీళ్ళు. ఇందాక వేయించొద్దన్నాను గానీ, ఈ ప్రయాణానికి మాత్రం ఎంజైమ్ పోయినా సరే, ఆ పిండిని ఇంట్లోనే నేతిలో వేయించి తీసుకెళ్ళండి, అక్కడ ఉడికించే వీలుండదు కదా. కలిపిన జావ గంట దాటితే పారబోయండి. పెరుగన్నం ఉదయం కట్టుకుని మధ్యాహ్నం ఎండలో పెట్టడం వద్దు. ఇంకా పాలు తాగే బిడ్డయితే అన్నిటికంటే సులువు, కొంగు చాటున ఎక్కడైనా ఇవ్వొచ్చు.